ఏసీ వేస్తే ముక్కు దిబ్బడ, పాపకు దగ్గు: ఏసీ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 36. మా పడగ్గదిలో నాలుగేళ్లుగా స్ప్లిట్ ఏసీ వాడుతున్నాం. ఈ మధ్య రాత్రి ఏసీ ఆన్ చేయగానే తుమ్ములు మొదలవుతున్నాయి. ఆ కాసేపు తడిబట్ట వాసన కూడా వస్తోంది. తెల్లారేసరికి ముక్కు దిబ్బడేసి, గొంతు ఎండిపోయి, తల బరువుగా ఉంటోంది. ముక్కు చుక్కలు వేసుకుంటే హాయిగా ఉంటోందని నెల రోజులుగా వాడుతున్నాను. మా ఎనిమిదేళ్ల పాప అర్ధరాత్రి దాటాక పొడి దగ్గుతో లేస్తోంది. ఏసీ వల్ల న్యుమోనియా కూడా వస్తుందని విని టెన్షన్‌గా ఉంది. ఏసీ మానేయమంటారా? - ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: పూర్తిగా మానేయాల్సిన అవసరం ఉందనుకోను. అయితే లోపల శుభ్రం చేయించేదాకా మాత్రం వేయకండి. మీరు రాసినవాటిలో నాకు బాగా అనుమానం కలిగించింది ఆ తడిబట్ట వాసనే.

ఏసీ గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లటి కాయిల్ మీదుగా పంపి, తిరిగి గదిలోకి వదులుతుంది. ఐసు నీళ్లు పోసిన గ్లాసు బయట చెమర్చినట్టే, గాలిలోని తేమ ఆ కాయిల్ మీద నీరై ట్రేలోకి జారి, డ్రెయిన్ పైపు గుండా బయటికి పోతుంది. అంటే ఏసీ నడిచినంతసేపూ దాని లోపల తడే. ఫిల్టర్‌ను దాటి వెళ్లిన సన్నటి దుమ్ము ఆ తడికి అంటుకుంటే అక్కడ ఫంగస్ పెరుగుతుంది. ఆన్ చేయగానే వచ్చే మొదటి గాలితోపాటు ఆ ఫంగస్ రేణువులు, దుమ్ము మీ ముక్కులోకి వస్తాయి. సరిగ్గా అప్పుడే తుమ్ములు రావడం చూస్తే ఇది చల్లదనం వల్ల కంటే అలర్జీ వల్లే కావచ్చనిపిస్తోంది. జలుబుకు కారణం వైరస్. చల్లగాలి తనంతట తాను జలుబును పుట్టించదు.

ఫిల్టర్ శుభ్రం చేయడం మీరే చేసుకోవచ్చు. ముందు మెయిన్ స్విచ్ ఆపండి. ఏసీ ముందువైపు మూత పైకెత్తి ఫిల్టర్లు తీసి, కుళాయి నీటి కింద కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ఆ ప్లాస్టిక్ జాలీ వంకర పోతుంది. పూర్తిగా ఆరాకే బిగించండి, తడి ఫిల్టర్ పెడితే మళ్లీ మొదటికొస్తుంది. రోజూ వాడే కాలంలో రెండు వారాలకోసారి ఇలా చేయాలి. తుమ్ములున్న మీరు కాకుండా ఇంట్లో ఇంకొకరు చేస్తే మంచిది. మీరే చేయాల్సి వస్తే మాస్క్ పెట్టుకోండి.

కానీ వాసన వచ్చే దశకు చేరిన ఏసీకి ఫిల్టర్ ఒక్కటే కడిగితే చాలదు. కాయిల్, దాని వెనక తిరిగే బ్లోయర్, నీటి ట్రే, డ్రెయిన్ పైపు అన్నీ టెక్నీషియన్‌తో కడిగించాలి. బ్లోయర్ సంగతి మీరే గట్టిగా అడగండి, నల్లటి మడ్డి ఎక్కువగా పేరుకునేది దాని రెక్కల మీదే. పని జరుగుతున్నప్పుడు పాపను ఆ గదిలోకి రానివ్వద్దు. అయ్యాక కిటికీలు తెరిచి కాసేపు ఫ్యాన్ మోడ్‌లో నడపండి. వాసన పోవడానికి రూమ్ స్ప్రేలు, అగరొత్తులు వాడకండి. అవి వాసనను కప్పేస్తాయేగానీ ఫంగస్‌ను తీయలేవు, పైగా పాప దగ్గును పెంచొచ్చు. ఆ తర్వాత రోజూ ఏసీ ఆపేముందు పది, పదిహేను నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో ఉంచితే కాయిల్ చాలావరకు ఆరుతుంది.

గొంతు ఎండిపోవడానికి రెండు కారణాలు కలిసి ఉంటాయి. ఏసీ గాలిలో తేమను తగ్గిస్తుంది. ముక్కు మూసుకుపోయి మీరు నోటితో గాలి పీలుస్తున్నారు. 24 నుంచి 26 డిగ్రీల మధ్య పెట్టి, సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరగనివ్వండి. ఏసీ గాలి ముఖం మీద పడకుండా, గాలి బయటికి వచ్చేచోట ఉండే దాని రెక్కలను పైకి తిప్పండి. మన శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున బాగా తగ్గుతుంది కాబట్టి టైమర్‌గానీ స్లీప్ మోడ్‌గానీ వాడుకోండి. ఇక తల బరువు విషయానికొస్తే, ఇళ్లలోని స్ప్లిట్ ఏసీల్లో చాలావరకు బయటి గాలిని తీసుకురావు. తలుపులన్నీ బిగించిన గదిలో ముగ్గురు పడుకుంటే తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఉంటుంది. పడుకునే ముందు, లేచాక కిటికీలు తెరవండి. రాత్రి తలుపు కొంచెం ఓరగా ఉంచినా మేలే.

ముక్కు చుక్కల గురించి గట్టిగా చెప్పాలి. దిబ్బడ వెంటనే విప్పే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ వంటి మందులు ఐదు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం తగ్గగానే ముక్కు ఇంకా ఎక్కువగా మూసుకుపోతుంది. మళ్లీ వేసుకుంటారు, మళ్లీ దిబ్బడేస్తుంది. మీవి అవేనేమో సీసా మీద పేరు చూడండి. అవే అయితే ఇప్పటి మీ దిబ్బడలో సగం ఆ చుక్కల వల్లే అయినా నేను ఆశ్చర్యపోను. అవి ఆపి, సెలైన్ (ఉప్పునీటి) స్ప్రే వాడుతూ ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఆపిన మొదటి కొన్ని రోజులు ఇబ్బందిగా ఉంటుంది, ఆ సమయంలో స్టెరాయిడ్ ముక్కు స్ప్రే అవసరమా అన్నది వారు చూసి చెబుతారు.

న్యుమోనియా భయం లీజియనేర్స్ వ్యాధి అనే ఒక రకం న్యుమోనియా గురించి విని వచ్చి ఉంటుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్‌లో జరిగిన సమావేశానికి వెళ్లినవారిలో ఇది బయటపడింది. దానికి కారణమైన లీజియనెల్లా బ్యాక్టీరియా నీటిలో పెరుగుతుంది. పెద్ద భవనాల ఏసీలకు వాడే కూలింగ్ టవర్ల నుంచి నీటి తుంపరలతో వ్యాపించగలదు. మీ ఇంటి స్ప్లిట్ ఏసీ అలా నీటితో చల్లబడేది కాదు. ఈ భయం వదిలేయండి.

నా ఆలోచనంతా మీ పాప గురించే. అర్ధరాత్రి దాటాక వచ్చే పొడి దగ్గు పిల్లల్లో ఆస్తమాకు ఒక గుర్తు కావచ్చు. చల్లటి పొడిగాలి, ఫంగస్ రెండూ దాన్ని రేపుతాయి. పరిగెత్తినా, గట్టిగా నవ్వినా దగ్గొస్తోందా? ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తున్నాయా? ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, అలర్జీ ఉన్నాయా? ఇవన్నీ గమనించి, ఏసీ శుభ్రం చేయించడంతో సరిపెట్టుకోకుండా ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఎనిమిదేళ్ల పాప ఊపిరితిత్తుల పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, చక్కగా చేయగలదు. ఈలోగా సొంతంగా దగ్గు సిరప్‌లు వేయకండి. దుప్పట్లు, దిండు గలేబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి, పరుపులోని డస్ట్ మైట్స్ (కంటికి కనిపించనంత చిన్న పురుగులు) కూడా ఇలాంటి దగ్గుకు కారణమవుతాయి. కొన్ని రాత్రులు ఏసీ లేని గదిలో పడుకోబెట్టి దగ్గు తగ్గుతోందేమో రాసి పెట్టుకుంటే డాక్టర్‌కు ఎంతో ఉపయోగం.

ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోవడం, పెదాలు నీలం రంగుకు మారడం వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.