పాఠకుల ప్రశ్నలు: అమాయకుడంటే తప్పు చేయనివాడేనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, కంచరపాలెం. మావాడు తొమ్మిదో తరగతి. ట్యూషన్‌లో ఎవరిదో ఫోన్ పోతే కొంతమంది పిల్లల్ని నిలబెట్టి అడిగారు, అందులో మావాడూ ఉన్నాడు. నేను టెన్షన్‌తో పరిగెత్తి వెళ్లి "మా గుంటడు అమాయకుడండీ, వాడికి అలాంటివి తెలీవు" అన్నాను. అక్కడున్న ఒకాయన "అమాయకుడే కదమ్మా, ఎవరో తీయమంటే తీసుంటాడు" అన్నారు. ఫోన్ వేరేచోట దొరికింది గానీ ఆ మాట నన్ను వదలట్లేదు. నేను అన్నదాంట్లో తప్పేముంది?
– ఒక తల్లి

జవాబు: తప్పేం లేదమ్మా. కాకపోతే మీరు చెప్పదలచుకున్నది "మావాడు తీయలేదు" అని. అమాయకుడు అనే మాటకి ఆ పని చేతకాదు. మనిషి ఎలాంటివాడో అది చెబుతుంది గానీ, ఫలానా పని చేశాడా లేదా అన్న సంగతి జోలికే పోదు. మాయ లేనివాడు అమాయకుడు, అంటే కపటం తెలియనివాడు. కపటం తెలియనివాణ్ణి ఎవరైనా బుట్టలో వేసుకోగలరు కాబట్టి, సులువుగా మోసపోయేవాడు అనే అర్థం కూడా ఆ మాటకి వాడుకలో అంటుకుంది. "ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు, ఒట్టి అమాయకుడు" అని ఇళ్లలో అనుకుంటూనే ఉంటాం, అందులో ముద్దు ఎంతుందో బెంగ అంతుంటుంది. ఆయన ఆ రెండో అర్థాన్ని పట్టుకుని పిల్లాడి మీదకి తిప్పారు. రుజువు లేకుండా, అదీ పిల్లాడు వింటుండగా, అలా అనడం అన్యాయం.

గమనించండి, తెలుగులో ఈ కోవ మాటలు చాలావరకు 'తెలియకపోవడం' చుట్టూనే తిరుగుతాయి. అభం శుభం తెలియని పిల్ల, పాపం పుణ్యం ఎరగని పసివాడు, కల్లాకపటం తెలియని మనిషి. ఆఖరికి నేరం మోపితే పెద్దవాళ్లు కూడా "నేనే పాపం ఎరగను" అంటారు, చేయలేదని చెప్పడానికి. సంస్కృతం నుంచి వచ్చిన 'ముగ్ధ' కూడా అంతే, కావ్యాల్లో లోకం తెలియని లేత వయసు నాయికని అలా అంటారు, కానీ ముగ్ధ, మూఢ రెండూ 'ముహ్' అనే ఒకే ధాతువు నుంచి పుట్టినవే! తెలియకపోవడాన్ని ఒకచోట అందం అన్నాం, ఒకచోట తెలివితక్కువతనం అన్నాం. అమాయకుడు అనే మాట ఈ రెండింటి మధ్య నలుగుతోంది. (మన బీచ్ రోడ్డులో కనిపించే బెంగాలీ టూరిస్టుల్ని అడిగి చూడండి, వాళ్ల భాషలో ఇదే మాటకి మర్యాదగా, కలుపుగోలుగా ఉండే మనిషి అని అర్థం. మాయ లేకపోవడాన్ని వాళ్లు ఎదుటివాళ్లతో మెలిగే తీరుగా తీసుకున్నారు. నాకది చాలా నచ్చుతుంది.)

అన్నీ తెలిసి, మోసం చేసే అవకాశం ఉండి కూడా చేయని పెద్దమనిషిని అమాయకుడు అంటే ఆయన్ని తక్కువ చేసినట్టే. ఆయన నిష్కపటి, కల్మషం లేని మనిషి. ఆ గుణం ఆయన ఎంచుకున్నది, తెలియక వచ్చింది కాదు.

ఇంకొక వాడకం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 2020 మే 7న తెల్లవారుజామున మన విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. అలాంటివి జరిగినప్పుడల్లా "అమాయకులు బలయ్యారు" అనేస్తాం. తమ ఇళ్లలో తాము నిద్రపోతున్నవాళ్లకి మాయ తెలుసా తెలియదా అన్నది ఇక్కడ సంగతే కాదు కదా. వాళ్లు ఏ తప్పూ చేయలేదు, అంటే నిరపరాధులు. అమాయకులు అన్నప్పుడు జాలి కలుగుతుంది, నిరపరాధులు అన్నప్పుడు మరి అపరాధం ఎవరిది అని అడగాల్సి వస్తుంది.

మీవాడి సంగతికి వస్తాను. చట్టం ఈ విషయంలో మనకంటే జాగ్రత్తగా మాట్లాడింది. ఏడేళ్లలోపు పిల్లలు చేసినది ఏదీ నేరం కాదని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ చెబుతోంది, పాత ఐపీసీలో 82 ఇదే. ఏడు దాటి పన్నెండులోపు వాళ్లకి తాము చేసేది ఏమిటో, దానివల్ల ఏమవుతుందో అర్థమయ్యే పరిణతి రాకపోతే అదీ నేరం కాదు. ఇక పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఏ బిడ్డకీ దురుద్దేశం గానీ, నేరం చేయాలనే ఉద్దేశం గానీ లేదనే భావించాలని 2015 బాలల న్యాయ చట్టం 3వ సెక్షన్‌లో ఉంది. పిల్లల విషయంలో నిందించే మాటలు వాడకూడదని కూడా అక్కడే రాశారు. అది ట్యూషన్ గది కోసం రాసిన చట్టం కాదు, నిజమే, కానీ పోలీసులు, బాలల న్యాయ మండలి పాటించాల్సిన ఆ మర్యాద మనం మన పిల్లల దగ్గర పాటించలేమా?

కాబట్టి ఇంకెప్పుడైనా ఇలాంటిది ఎదురైతే "మావాడు తీయలేదు, తీశాడని మీరు చూశారా?" అని నేరుగా అడగండి. వాడి స్వభావాన్ని సాక్ష్యంగా పెట్టొద్దు. తొమ్మిదో తరగతి పిల్లాడికి లోకం కొంత తెలిసే ఉంటుంది, తెలియాలి కూడా. అమ్మ నన్ను అమాయకుడు అన్నది కాబట్టి బయటపడ్డాను అని వాడు అనుకోకూడదు. ఆ గదిలో వాడికి కావలసింది "తీయలేదు" అన్న ఒక్క మాటే, ఇప్పుడు కూడా వాడితో కూర్చుని "నువ్వు తీయలేదని నాకు తెలుసు" అని చెప్పండి.

ప్రశ్న: పేపర్లో నిందితుడు, ముద్దాయి, దోషి అని రకరకాలుగా రాస్తున్నారు. అన్నీ ఒకటేనా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: ఒకటి కాదండీ. నింద పడినవాడు నిందితుడు, అంతే. కోర్టులో కేసు ఎదుర్కొంటున్నప్పుడు ముద్దాయి అంటారు. నేరం చేశాడని కోర్టు తేల్చాకే దోషి. అరెస్టయిన రోజునే దోషి అని రాసేయడం తప్పు, తర్వాత ఆ మనిషి నిర్దోషిగా విడుదలైతే ఆ వార్త లోపలి పేజీలో ఏ మూలో చిన్నగా వస్తుంది, చాలామంది కంట పడదు కూడా.