అరుణాచల్‌లో కుట్టిన నల్ల ఈగ.. కళ్లకు ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 46. షుగర్ ఉంది. కిందటి వారం కుటుంబంతో అరుణాచల్ ప్రదేశ్ వెళ్లాను. వాగు ఒడ్డున భోంచేస్తుంటే చిన్న నల్ల ఈగలు పాదాల మీద, పిక్కల మీద కుట్టాయి. అప్పుడేమీ తెలియలేదు. సాయంత్రానికి వాచి, మధ్యలో నెత్తుటి చుక్కలు కనిపించాయి. ఇంటికొచ్చి నాలుగు రోజులైనా దురద తగ్గలేదు. నల్ల ఈగ కుడితే కళ్లు పోతాయని మా బావమరిది ఫోన్‌లో ఏదో చూపించాడు. ఒక ఈగను అగ్గిపెట్టెలో తెచ్చాను, ఫొటో పంపుతున్నాను. ఇది ఏ జాతి? మన కాలవల్లోకీ వస్తాయా? – ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. దీనివల్ల మీ కళ్లు పోవు. మీ బావమరిది చూపించింది రివర్ బ్లైండ్‌నెస్ గురించి అయి ఉంటుంది. అది నిజమైన జబ్బే. మనకు తెలిసిన బోదకాలు పురుగుకు చుట్టమైన ఆంకోసెర్కా అనే పురుగు వల్ల వస్తుంది. ఆఫ్రికాలో ఎక్కువ, యెమెన్‌లో, లాటిన్ అమెరికాలో కొద్దిచోట్ల ఉంది. మన దేశంలో లేదు. పురుగు లేనిచోట ఈగ ఎంత కుట్టినా ఆ జబ్బు రాదు. ఉన్నచోట కూడా ఏళ్ల తరబడి ఈగకాట్లు పడేవాళ్లకే చూపుదాకా వస్తుంది.

ఇక మీ అగ్గిపెట్టె సంగతి. గుంటూరు వైపు నల్ల పురుగు అనగానే 2021లో మిర్చి రైతును ముంచిన నల్ల తామర పురుగు గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఫొటోలో వీపు ఒంగోలు గిత్త మూపురంలా ఎత్తుగా ఉంది. మీసాలు పొట్టివి, రెక్కలు వెడల్పుగా, మచ్చల్లేకుండా ఉన్నాయి. పైగా పట్టపగలు, పారే నీటి పక్కన కుట్టింది. ఇసుక ఈగ అయితే ఒళ్లంతా నూగుతో, రెక్కలు పైకెత్తి, రాత్రిపూట తిరుగుతుంది. కాబట్టి ఇది సిమ్యూలిడే కుటుంబానికి చెందిన నల్ల ఈగ అని చెప్పడానికి ఇబ్బంది లేదు. ఆ వైపు వాళ్లు డిమ్‌డామ్ అంటారు. అక్కడ మనుషుల్ని బాగా కుట్టేదిగా పేరుపడింది సిమ్యూలియం ఇండికం.

మీది కూడా ఇండికమేనా? ఫొటో చూసి చెప్పలేను. నేనే కాదు, కీటక శాస్త్రవేత్త కూడా చెప్పడు. ఈ కుటుంబంలో రెండు వేలకు పైగా జాతులున్నాయి, ఎదిగిన ఈగలు చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి. అందుకే వాళ్లు వాగులో రాళ్లకు అంటుకుని ఉండే ప్యూపాలను, అంటే లార్వా ఈగగా మారే ముందు దశను, వెతుకుతారు. ప్యూపా తల దగ్గర ఊపిరి తీసుకునే పోగులు ఎన్ని, ఎలా చీలాయి అన్నది జాతిని పట్టిచ్చే మంచి గుర్తు. ఒక్కోసారి అదీ చాలదు. ఆఫ్రికాలో రివర్ బ్లైండ్‌నెస్ మోసే ఈగకు 1903లో కీటక శాస్త్రవేత్త థియోబాల్డ్ సిమ్యూలియం డామ్నోసమ్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో హానికరమైనది అని అర్థం. తర్వాత లార్వాల లాలాజల గ్రంథుల్లోని క్రోమోజోములు చూస్తే, అది ఒక జాతి కాదు, కవలల్లా ఉండే డజన్ల జాతులని తేలింది. వాటిలో కొన్ని మనిషి జోలికే రావు.

కాలవల గురించి అడిగారు. బోదకాలు దోమకు మురుగునీరు కావాలి. దీనికి గుడ్లు పెట్టడానికి పారే నీరు, లార్వా అంటుకోవడానికి రాయో మొక్కో కావాలి. మీ సూట్‌కేసులో వచ్చిన ఈగ బందరు కాలువ చేరేలోపే ఎండిపోతుంది.

ఈ ఈగ దోమలా సూది గుచ్చదు. చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని తాగుతుంది. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాలు దాని ఉమ్మిలో ఉంటాయి. ఆ నెత్తుటి చుక్క అందుకే. దురద వారం పైగా ఉండొచ్చు. సబ్బుతో కడిగి, ఐసు గుడ్డలో చుట్టి కాసేపు పెట్టండి. కాలమైన్ లోషన్ రాయండి. రాత్రి సెట్రిజిన్ 10 మి.గ్రా. ఒకటి వేసుకోవచ్చు. మత్తుగా ఉంటుంది, బండి నడపకండి. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ని అడిగాకే వేసుకోండి. సున్నం రాయొద్దు. మెడికల్ షాపులో ఏదో ఆయింట్‌మెంట్ అడిగి తెచ్చుకోవద్దు, చాలాసార్లు ఘాటైన స్టెరాయిడ్ అంటగడతారు. షుగర్ ఉంది కాబట్టి గోకిన చోట చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా ఆగకుండా చూపించుకోండి.

నన్ను ఆలోచింపజేసేది కళ్లు కాదు, జ్వరం. చాలా ఈగలు కుడితే తలనొప్పి, కొద్దిపాటి జ్వరం, గజ్జల్లో బిళ్లలు వచ్చి రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. కానీ ఆ ప్రాంతంలో మలేరియా, స్క్రబ్ టైఫస్ ఉన్నాయి. స్క్రబ్ టైఫస్‌లో మైట్ అనే అతి చిన్న పురుగు (మంచాల్లో ఉండే నల్లి కాదు) పిల్ల కుట్టిన చోట నొప్పి లేని నల్లటి చెక్కు కడుతుంది. గజ్జల్లో, చంకల్లో, నడుము దగ్గర వెతికితేగానీ కనబడదు. ఈగకాటు అనుకుని వదిలేసేది దాన్నే. వచ్చే మూడు నాలుగు వారాల్లో జ్వరం వస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా అదే రోజు వెళ్లి మలేరియాకు, స్క్రబ్ టైఫస్‌కు రక్తపరీక్షలు చేయించుకోండి. డాక్టరుకు అగ్గిపెట్టె చూపించడం కన్నా ముందు, అరుణాచల్ వెళ్లొచ్చానని చెప్పండి.