వర్క్‌షాప్‌కు పంపాలా, సీఆర్‌టీకి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఒక ప్రైవేటు కళాశాలలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. కాలాధారిత ఎన్‌క్రిప్షన్, దాని ఉపయోగాలు అనే అంశంపై ఒక పరిశోధన సంస్థలో ఐదు రోజుల వర్క్‌షాప్ జరుగుతుందట, వెళ్తానని పట్టుబడుతోంది. అదే వారం కళాశాలలో సీఆర్‌టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) తరగతులు మొదలవుతున్నాయి. నేను జడ్పీ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను, అయినా బ్రోచర్ చదివితే ఏమీ బోధపడలేదు. ఈ విషయానికి ఉద్యోగాలున్నాయా? (ఒక తండ్రి, వినుకొండ)

జవాబు: నమస్కారం మాస్టారూ. సూటిగా చెప్పాలంటే, పంపవచ్చు, కానీ ఉద్యోగం వస్తుందని మాత్రం కాదు. ఈ ఒక్క అంశం పేరు మీద వెలువడిన ఉద్యోగ ప్రకటన నాకు ఇంతవరకు కనబడలేదు. ఐదు రోజుల తర్వాత ఇచ్చే సర్టిఫికెట్టుకు క్యాంపస్ ఇంటర్వ్యూలో పెద్దగా విలువ ఉండదు. మరి ఎందుకు పంపమంటున్నానో తెలియాలంటే విషయమేమిటో కొంత చెప్పాలి.

ఎంసెట్ కాగితాల మీద జరిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పరీక్ష రోజు తెల్లవారుజామున లాటరీ తీసి సెట్ కోడ్ ప్రకటించేవారు, అప్పటిదాకా ఏ ప్రశ్నపత్రం వాడతారో ఎవరికీ తెలిసేది కాదు. ఎన్‌క్రిప్షన్ అంటే సమాచారానికి తాళం వేయడం. నిర్ణీత సమయానికి ముందు ఎవరూ తెరవలేని, ఆ సమయం రాగానే ఎవరైనా తెరవగలిగే తాళాన్ని, పోలీస్ స్టేషన్ల కాపలాతోనో అధికారుల నిజాయితీతోనో కాకుండా గణితంతో తయారుచేయడం ఎలాగన్నదే ఈ శాస్త్రం వేసుకున్న ప్రశ్న. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది 1996లో రొనాల్డ్ రివెస్ట్, ఆది షమీర్, డేవిడ్ వాగ్నర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు.

మీరు గణితం చెప్పేవారు గనుక కాగితం, పెన్సిలు తీసుకోండి. 11ను 23తో గుణిస్తే 253. ఇప్పుడు 2తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 253తో భాగించి, శేషం మాత్రమే ఉంచుకుంటూ పోండి. 4, 16 వస్తాయి, ఆ తర్వాత 256 వస్తుంది గనుక శేషం 3, ఆపైన 9, 81, 236, 36, 31, 202, పదోసారి 71. ఈ చివరి శేషమే తాళంచెవి అనుకోండి. తొమ్మిదో శేషం చేతికి రానిదే పదోదాన్ని మొదలుపెట్టడానికి లేదు. సీఆర్‌టీలో చెప్పే కాలం–పని లెక్కల్లో మనుషులను పెంచితే రోజులు తగ్గుతాయి, ఇక్కడ మాత్రం పదిమందిని కూర్చోబెట్టి తలా ఒక మెట్టు పంచినా పని ఒక్క నిమిషం ముందుకు జరగదు. అయితే 253 ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో తెలిసినవారికి అడ్డదారి ఉంది. వారు 10ని 22తో గుణించి 220 తెచ్చుకుంటారు. 2ను పదిసార్లు వర్గం చేయడమంటే ఘాతాంకం 1024 అన్నమాట, దాన్ని 220తో భాగిస్తే శేషం 144 గనుక, 2 ఘాతం 144తోనే అదే 71కి చేరుకుంటారు. పది మెట్లకు ఈ ఆదా లెక్కలోకి రాదు. మెట్లు లక్షల కోట్లయినప్పుడు మాత్రం తాళం వేసేవారికి అది క్షణాల పని, తీసేవారికి ఏళ్ల పని. అసలు తాళాల్లో 253 స్థానంలో ఆరు వందలకు పైగా అంకెలున్న సంఖ్య ఉంటుంది, కాబట్టి కారణాంకాలు కనుక్కుని తప్పించుకునే వీలు లేదు.

ఈ పద్ధతిలో ఉన్న చిక్కు కూడా తర్వాత బయటపడింది. 1999లో రివెస్ట్ ఎంఐటీలోని కంప్యూటర్ సైన్స్ ప్రయోగశాల 35వ వార్షికోత్సవానికి ఇలాంటి పజిల్ ఒకటి తయారుచేశారు. దాదాపు 80 లక్షల కోట్ల వర్గాలు చేయాలి, కంప్యూటర్ల వేగం పెరుగుతుందని లెక్కవేసుకుని కూడా 35 ఏళ్లు పడుతుందనుకున్నారు. 2019 ఏప్రిల్‌లో, అంటే ఇరవై ఏళ్లకే, బెర్నార్డ్ ఫాబ్రో అనే బెల్జియం ప్రోగ్రామర్ జవాబు పంపాడు. మామూలు కంప్యూటర్‌లో ఒక్క కోర్ మీద మూడున్నరేళ్లు లెక్క నడిపాడు. అదే సమయంలో ఇంకో బృందం ఎఫ్‌పీజీఏ (ఒకే పనికి తగ్గట్టు మలచుకోగల) చిప్ మీద రెండు నెలల్లో ముగించే పనిలో ఉంది. ఈ తాళం కాలాన్ని కొలవదు, పనిని కొలుస్తుంది, ఆ పని ఎవరి యంత్రం మీద ఎంత వేగంగా సాగుతుందో ముందే చెప్పడం కష్టం. బ్రోచర్‌లో మీకు కనబడి ఉండే వెరిఫైయబుల్ డిలే ఫంక్షన్లు, 2018లో స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు డాన్ బోనే, ఆయన సహచరులు నిర్వచించినవి, వాటిలో ముఖ్యమైనవి ఈ వర్గాల గొలుసు మీదే నడుస్తాయి. అంత లెక్కా నిజంగా చేశారా లేదా అన్నది వాటిలో ఇతరులు చిటికెలో సరిచూసుకోవచ్చు.

రెండో దారి ఎంసెట్ లాటరీకి దగ్గర. 2019లో కొన్ని విశ్వవిద్యాలయాలు, సంస్థలు కలిసి లీగ్ ఆఫ్ ఎంట్రపీ పేరుతో ఒక నెట్‌వర్క్ మొదలుపెట్టాయి. ఇప్పుడది మూడు సెకన్లకొక రౌండ్ చొప్పున, ప్రతి రౌండ్‌కూ ఒక వరుస నంబరు ఇచ్చి, ఆ నంబరు మీద ఉమ్మడిగా డిజిటల్ సంతకం చేసి ప్రకటిస్తుంది. సభ్యుల్లో నిర్ణీత సంఖ్యలో కలిస్తే తప్ప సంతకం తయారుకాదు. రాబోయే ఫలానా రౌండ్ నంబరుతో ఈరోజే తాళం వేయవచ్చు, ఆ రౌండ్ సంతకమే దానికి తాళంచెవి. అంటే ఆ క్షణం దాకా తాళంచెవి లోకంలో పుట్టనే పుట్టదు. యంత్రం వేగంతో పనిలేదు, ఏళ్ల తరబడి లెక్క నడపనక్కర్లేదు. కానీ సభ్యులు కుమ్మక్కైతే ముందే తెరవగలరు, నెట్‌వర్క్ మూతపడితే తాళం ఎప్పటికీ తెరుచుకోదు. పైగా దీని అడుగునున్న గణితం పెద్ద క్వాంటమ్ కంప్యూటర్లకు నిలవదు, కాబట్టి ముప్పై ఏళ్ల తర్వాత తెరవాల్సిన వీలునామాను ఇందులో దాచమని నేను చెప్పను. సీల్డ్ టెండర్లకూ వేలం పాటలకూ, గంటల్లోనో రోజుల్లోనో తెరిచే వాటికి, ఇది బాగా సరిపోతుంది.

ప్రశ్నపత్రాల లీకేజీలకు ఇదే మందు అని వర్క్‌షాప్‌లో ఎవరైనా అంటే మీ అమ్మాయిని లేచి ఒక ప్రశ్న అడగమనండి. 2016లో తెలంగాణ ఎంసెట్-2 రద్దయినప్పుడు ప్రశ్నపత్రం ప్రింటింగ్ ప్రెస్ దగ్గరే బయటికి పొక్కిందని దర్యాప్తులో తేలింది. తాళం వేయకముందే చూసినవాడి కళ్లకు ఏ ఎన్‌క్రిప్షనూ అడ్డం రాదు. ఒక పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో విడదీసి చూడటం ఈ రంగంలో అసలు నైపుణ్యం. అది వీడియో పాఠాల కంటే, పరిశోధకులు ఒకరితో ఒకరు వాదించుకునే గదిలో కూర్చుంటేనే త్వరగా పట్టుబడుతుంది. నేను పంపమనడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక భవిష్యత్తు మాట. ఈ గణితం మీద ఇష్టం నిలిస్తే దారులు చాలానే ఉన్నాయి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్రిప్టాలజీ (సమాచారాన్ని రహస్యంగా ఉంచే శాస్త్రం) అండ్ సెక్యూరిటీలో ఎంటెక్ ఉంది. మనకు దగ్గర్లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ, సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని సి.ఆర్.రావు సంస్థలోనూ ఈ రంగంలో పరిశోధన జరుగుతోంది. చెన్నైలో సెట్స్ అనే సైబర్ భద్రత పరిశోధన సంస్థ ఉంది, రక్షణ రంగంలో డీఆర్‌డీవో ఉంది. 2000 నుంచి మన దేశంలో జరుగుతున్న ఇండోక్రిప్ట్ సదస్సు 2019లో హైదరాబాద్‌లోనే జరిగింది. పరిశోధన వద్దనుకుంటే బ్యాంకులు, చెల్లింపుల సంస్థలు, చిప్ కంపెనీల్లో క్రిప్టోగ్రఫీ తెలిసిన ఇంజినీర్ల అవసరం ఉంది. క్వాంటమ్ దాడులను తట్టుకునే ప్రమాణాలను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ప్రకటించాక పాత వ్యవస్థలను మార్చే పని ఇంకా పెరుగుతోంది. బ్లాక్‌చెయిన్ కంపెనీల్లోనూ ఈ విద్యకు గిరాకీ ఉంది, కానీ అక్కడి జీతాలు క్రిప్టో నాణేల ధరలతో పాటు ఎగసిపడతాయని గమనించండి.

సీఆర్‌టీ సంగతి. మొదటి వారంలో సాధారణంగా శాతాలు, నిష్పత్తులు, కాలం–పని చెబుతారు. అవి ఇంట్లో మీరే చెప్పగలరు, నోట్సు స్నేహితుల దగ్గరా దొరుకుతుంది. కోడింగ్ తరగతులు మాత్రం మానకూడదు, కాబట్టి టైంటేబుల్ చూసుకోండి. వర్క్‌షాప్‌కు ముందున్న రోజుల్లో ఆమె శేషాల అంకగణితం, గ్రూపులు (బీజగణితంలోని సమూహాలు) కొంత చూసుకోవాలి. డాన్ బోనే క్రిప్టోగ్రఫీ పాఠాలు కోర్సెరాలో ఉన్నాయి, ఎన్‌పీటెల్‌లోనూ మంచి కోర్సులు దొరుకుతాయి. ఏ తయారీ లేకుండా వెళ్తే రెండో రోజు నుంచి స్లైడ్లు ఫొటో తీసుకోవడమే మిగులుతుంది.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. పైన చెప్పిన 253 లెక్కను ఆమెకు ఇచ్చి, చేత్తో చేయించి, 220తో అడ్డదారి ఎందుకు పనిచేస్తుందో మీకే వివరించమనండి. ఒక్కరోజులో చెప్పలేకపోయినా ఫర్వాలేదు, రెండు మూడు రోజులు దాని వెంటే పడి, రాత్రి భోజనాల దగ్గర కూడా అదే ఎత్తుతుంటే ఫీజు కట్టేయండి. ఆ కాగితం అలాగే బల్ల మీద పడి ఉంటే సీఆర్‌టీకి పంపండి.