బడికి డాక్టరొచ్చాడు సరే, మందెవరిచ్చారు?

ప్రశ్న: 1907 విద్యా చట్టంతో ఇంగ్లండులో బడిపిల్లలకు వైద్యం అందినట్టేనా?

జవాబు: అందలేదు. ఆ చట్టం స్థానిక విద్యాధికారులకు తప్పనిసరి చేసింది వైద్య పరీక్ష ఒక్కటే. వైద్యం చేయిస్తే చేయించవచ్చు, మానితే అడిగేవారు లేరు. 1908 జనవరి 1 నుంచి డాక్టర్లు బడులకు వెళ్లి ఎత్తు, బరువు, పళ్ళు, టాన్సిళ్ళు, చెవులు చూసేవారు. 20 అడుగుల దూరాన అక్షరాల అట్ట పెట్టి చూపు పరీక్షించేవారు. లోపం కనబడితే ఇంటికొక చీటీ వెళ్ళేది, అంతే. కూలి డబ్బులతో బతికే ఇంట్లో డాక్టరు ఫీజుకో కళ్ళజోడుకో డబ్బేది? మరుసటి పరీక్షలో అదే పిల్లకు అదే లోపం. 1909 చట్టమైతే, తాహతున్న తల్లిదండ్రుల దగ్గర వైద్యం ఖర్చు రాబట్టమంది. ఈలోగా పేదపిల్లల ఆరోగ్యం కోసం పాటుపడిన మార్గరెట్ మెక్‌మిలన్ 1908లో లండన్ బో ప్రాంతంలోను, 1910లో డెట్‌ఫర్డ్‌లోను పిల్లల క్లినిక్కులు నడిపి దారి చూపింది. 1912లో ఈ వైద్యానికి ప్రభుత్వ గ్రాంటు వచ్చింది. ప్రాథమిక బడుల్లో వైద్యం కూడా తప్పనిసరి అయింది 1918లోనే.

ప్రశ్న: తలలో తామరకు ఎక్స్‌రే పెట్టేవారట. ఎందుకు, ఎలా?

జవాబు: తలలో తామర అంటే వెంట్రుకల్లో పెరిగే బూజు. పూత మందు వెంట్రుక కుదురు దాకా దిగదు. అందుకే నెలల తరబడి బడి మానాల్సి వచ్చేది. ఎక్స్‌రే బూజును చంపదు. వెంట్రుకను కుదురుతో సహా రాలగొడుతుంది, దాంతో బూజూ పోతుంది.

అసలు చిక్కు మోతాదు దగ్గర. కిరణాలు వచ్చే ఎక్స్‌రే గొట్టానికీ తలకూ సరిగ్గా నడుమ బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన చిన్న బిళ్ళ పెట్టేవారు. దూరం సగమైతే కిరణాల తాకిడి నాలుగింతలు కదా, పోల్చి చూసే నమూనా రంగులు ఆ లెక్కనే సరిచూసి ఉండేవి. ఆకుపచ్చ బిళ్ళ నమూనా గోధుమరంగుకు తిరగ్గానే ఆపాలి. బిళ్ళ తలవైపు జరిగిందా, రంగు ఆలస్యంగా మారుతుంది, తలకు మోతాదు మించుతుంది. వెలుతురు తగిలినా అంతే, మారిన రంగు వెనక్కి పోతుంది. మించితే జన్మకు బట్టతలే!

1909లో లండన్ వైద్యుడు ఆడమ్‌సన్ పని సులువు చేశాడు. నుదుటి పైన, నడినెత్తిన, వెనక, రెండు పక్కలా ఐదు గుర్తులు, ఒక్కోటీ ఐదంగుళాల ఎడం. ఒక్కో గుర్తు మీద ఒక్కో మోతాదు. అంచుల్లో కిరణాలు ఏటవాలుగా, బలహీనంగా పడతాయి; పక్క గుర్తుది కలిసి లోటు తీరుతుంది. అందుకే గుర్తుల మధ్య సీసం రేకు అడ్డు పెట్టకూడదు. ముఖానికి మాత్రం పెట్టాలి.

మూడో వారానికి జుట్టు రాలుతుంది. ఆ రాలినదాంట్లో బూజు బతికే ఉంటుంది కాబట్టి టోపీ తప్పదు. ఎక్కడైనా బూజు పట్టిన వెంట్రుక రాలకుండా మిగిలితే మళ్ళీ మొదటికే.

ప్రశ్న: పేలకు కూడా చట్టం ఉండేదా?

జవాబు: ఉండేది. 1908 పిల్లల చట్టం ప్రకారం తల్లిదండ్రులకు నోటీసు, 24 గంటల గడువు. అప్పటికీ తల శుభ్రం కాకపోతే అధికారులే పిల్లను తీసుకెళ్ళి శుభ్రం చేయించేవారు.