బిర్యానీ మీద బత్తాయి జ్యూస్ సరే, ఆ ఛాతీ మంట సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 52. గాజువాకలో ఉంటాం. ఆదివారం వస్తే మటన్ బిర్యానీ తప్పదు. తిన్న వెంటనే పెద్ద గ్లాసు బత్తాయి జ్యూస్ గానీ దానిమ్మ జ్యూస్ గానీ తాగితే, అందులోని యాంటీ ఆక్సిడెంట్లు కొవ్వును కడిగేస్తాయని వాట్సాప్‌లో చదివాను. ఆరు నెలలుగా అలాగే చేస్తున్నాను. ఏ జ్యూస్ మంచిది? తినే ముందు తాగాలా, తర్వాతా? రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 340 ఉంది, షుగర్ బోర్డర్‌లో ఉంది. జ్యూస్ మొదలుపెట్టాక కొలెస్ట్రాల్‌కి వాడే అటోర్వాస్టాటిన్ మాత్ర ఆపేశాను. ఈమధ్య బాగా తిని మూడో అంతస్తుకి మెట్లెక్కితే ఛాతీలో మంటగా, పట్టేసినట్టుగా ఉంటోంది. గ్యాస్ మాత్ర వేసుకుని కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది.

సలహా: మీరు జ్యూస్ గురించి అడిగారు. నా కళ్లు మాత్రం ఆ మెట్ల దగ్గరే ఆగిపోయాయి. ముందు దాని సంగతి చూద్దాం.

గ్యాస్ మాత్ర వేసుకుంటే తగ్గుతోందని రాశారు. మీరు వేసుకునేది పాంటాప్రజోల్ లాంటిదైతే అది ఐదు నిమిషాల్లో పనిచేసే మందు కాదు. మరి తగ్గింది మాత్ర వల్లా, మీరు కూర్చోవడం వల్లా? నడిస్తే, మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ పట్టును మేం ముందుగా గుండె వైపు నుంచే చూస్తాం. కడుపు నిండా తిన్నాక పేగులకు రక్తం ఎక్కువ కావాలి, గుండె మీద పని పెరుగుతుంది. ఆపైన మెట్లు. గుండె రక్తనాళాల్లో ఎక్కడైనా సన్నబడి ఉంటే ఆ సమయంలోనే బయటపడుతుంది. మిమ్మల్ని చూడకుండా ఇది గుండె నొప్పేనని గానీ, కాదని గానీ నేను చెప్పలేను. నిజంగానే అసిడిటీ కావచ్చు. కానీ ఆ తీర్పు మీరూ చెప్పకూడదు, మందుల షాపు కుర్రాడూ చెప్పకూడదు.

ఈ గ్యాస్ అనే మాట వింటే నాకు భయం. ఆ మధ్య ఒకాయన పెళ్లి భోజనం చేసి వచ్చి పడుకున్నారు. రాత్రి రెండింటికి గుండె బరువుగా అనిపించిందట. గ్యాసే అనుకుని ఒక సోడా, ఒక మాత్ర, కాసేపు వాము నమలడం, మళ్లీ ఇంకో మాత్ర. పిల్లల్ని లేపడం ఎందుకని ఊరుకున్నారు. పొద్దున్న ఆరున్నరకు చొక్కా తడిసిపోయి, కొడుకు స్కూటర్ వెనక కూర్చుని వచ్చారు. ఇ.సి.జి. తీస్తే పెద్ద గుండెపోటు. బతికారు గానీ, ఆ నాలుగున్నర గంటల్లో పోయిన గుండె కండరం తిరిగి రాదు. ఇప్పుడు బాత్రూమ్ దాకా నడిచినా ఆయాసం. మంచి చదువరి, రిటైర్డ్ టీచర్. ఆయనకు తెలియక కాదు, గుండె అనుకోవడానికి మనసొప్పక.

కాబట్టి ఆదివారం దాకా ఆగకుండా ఈ రెండు మూడు రోజుల్లోనే ఫిజీషియన్‌ని గానీ కార్డియాలజిస్టుని గానీ కలవండి. ఇ.సి.జి., ఎకో తీస్తారు. కూర్చున్నప్పుడు తీసిన ఇ.సి.జి. నార్మల్‌గా వచ్చినంత మాత్రాన అయిపోయిందనుకోవద్దు. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో కాదో వాళ్లు చెప్తారు. మీ అంతట మీరు ప్యాకేజీలో చేయించుకోవద్దు. అప్పటిదాకా తిన్న వెంటనే మెట్లెక్కకండి. ఈలోగా కూర్చుని ఉండగానే నొప్పి వచ్చినా, పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో లాగడం ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి మీద బయల్దేరొద్దు.

ఇక జ్యూస్. మీరు చదివింది పూర్తిగా అబద్ధం కాదు. కొవ్వు భోజనం చేశాక రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ పెరిగి, మూడు నాలుగు గంటలకు బాగా ఎక్కువై, తర్వాత నెమ్మదిగా దిగుతాయి. ఆ కాసేపు రక్తనాళాల లోపలి పొర సరిగా సాగదు, కణాలకు హాని చేసే ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి. వీటిని అణిచేవే యాంటీ ఆక్సిడెంట్లు. నారింజ రసం, బెర్రీల వంటివి భోజనంతో ఇస్తే ఈ మార్పు కొంత తగ్గినట్టు కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. అవి కొన్ని గంటల లెక్కలు. కొవ్వు కడుక్కుపోయిందనీ, గుండెపోటు తప్పిందనీ కాదు. ఇంకో తమాషా ఏమిటంటే, ఆపిల్ తిన్నాక రక్తంలో పెరిగే యాంటీ ఆక్సిడెంట్ శక్తిలో చాలా భాగం పండులోని యాంటీ ఆక్సిడెంట్లది కాదు, పండులోని ఫ్రక్టోజ్ అనే చక్కెర వల్ల పెరిగిన యూరిక్ యాసిడ్‌దేనని తేలింది!

2002లో వచ్చిన ఒక బ్రిటన్ పరిశోధన మీకు సరిగ్గా సరిపోతుంది. గుండె ముప్పు ఎక్కువున్న 20 వేల మందికి పైగా ఐదేళ్లు గమనించారు. యాంటీ ఆక్సిడెంట్లయిన విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చినవాళ్లకు గుండెపోట్లు తగ్గలేదు. అదే పరిశోధనలో కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ ఇచ్చినవాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు నాలుగో వంతు తగ్గాయి. మీరు ఆపేసింది ఈ జాతి మందునే. వాట్సాప్ చూసి ఆపడమేంటండీ? ఏదైనా ఇబ్బంది పెట్టి ఉంటే రాసిచ్చిన డాక్టరుకు చెప్పాల్సింది, మోతాదో మందో మార్చేవారు. మళ్లీ మొదలుపెట్టడం కూడా ఆయన్ని అడిగే.

పైగా మీ ట్రైగ్లిజరైడ్స్ 340. ఉండాల్సింది 150 లోపు. బీచ్ రోడ్డులో జ్యూస్ బండి దగ్గర ఒకసారి నిలబడి చూడండి. నాలుగు బత్తాయిలు మిషన్లో పడతాయి, పీచంతా పిప్పిగా బకెట్లోకి పోతుంది, గ్లాసులో రెండు చెంచాల పంచదార పడుతుంది. పంచదార వేయకపోయినా 250 మి.లీ. నారింజ రసంలో సుమారు 20 గ్రాముల చక్కెర ఉంటుంది. అందులోని ఫ్రక్టోజ్ ఎక్కువైతే లివర్ దాన్ని ట్రైగ్లిజరైడ్స్‌గా మారుస్తుంది. కొవ్వు తగ్గాలని మీరు తాగుతున్నది దాన్నే పెంచుతుండొచ్చు. ముందా, తర్వాతా అంటే నా జవాబు రెండూ వద్దనే. ఒక బత్తాయి వలుచుకుని తొనలు తినండి, లేదా చిన్న జామకాయ. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ మాత్రం అటోర్వాస్టాటిన్ వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా తినొద్దు, కొందరిలో రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది.

బిర్యానీ మానేయమని ఇప్పుడే చెప్పను, రిపోర్టులు రానివ్వండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, గ్యాస్ మాత్రతోనూ ఆపేసిన దానితోనూ సహా.