సినాప్సుల నష్టాన్ని చూపే స్కాన్ గురించి: మా అమ్మ అనుభవం నుంచి

మీ నాన్నగారికి ఏడాదిగా మతిమరుపు పెరుగుతున్నా, ఎమ్మారైలో మెదడు పెద్దగా కుంచించుకుపోలేదని చెప్పారని రాశారు. సినాప్సుల నష్టాన్ని చూపే స్కాన్ చేయిస్తే అసలు సంగతి తేలుతుందా అని అడిగారు. అల్జీమర్స్ తొలిదశలో ఉన్నప్పుడు మా అమ్మ అలాంటి స్కాన్‌తో జరిగిన పరిశోధనలో పాల్గొన్నారు. వెంట వెళ్లింది నేనే కనుక, అక్కడ చూసినదీ తర్వాత చదివి తెలుసుకున్నదీ చెబుతాను.

ఎమ్మారై బాగానే ఉన్నంత మాత్రాన మీరు చూస్తున్న మతిమరుపు అబద్ధమైపోదు. మెదడు కుంచించుకుపోవడం కంటికి కనబడే లోపే, నాడీకణాలను కలిపే సినాప్సులు తగ్గిపోయి ఉండవచ్చు. అల్జీమర్స్‌లో జ్ఞానశక్తి క్షీణతకు మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ ఫలకాలకంటే సినాప్సుల నష్టంతోనే గట్టి సంబంధం ఉందని 1991లోనే రాబర్ట్ టెర్రీ బృందం మెదడు కణజాలాన్ని పరిశీలించి చూపింది. బతికున్న మనిషిలో దీన్ని కొలిచే దారిని 2016లో యేల్ పరిశోధకులు చూపారు. సినాప్సుల్లో రసాయనాలను నింపుకొని ఉండే సూక్ష్మ సంచుల పొరలో ఎస్వీ2ఏ అనే ప్రోటీన్ ఉంటుంది. దానికి అంటుకునే యూసీబీ-జే అనే ట్రేసర్‌ను (జాడ చూపే రేడియోధార్మిక పదార్థాన్ని) నరంలోకి ఎక్కించి, ఏ భాగంలో ఎంత అంటుకుందో ఆ రేడియోధార్మికతను పసిగట్టే పెట్ కెమెరాతో కొలుస్తారు. 2018లో వెలువడిన అధ్యయనంలో, 11 మంది ఆరోగ్యవంతులతో పోలిస్తే 10 మంది అల్జీమర్స్ రోగుల్లో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో ట్రేసర్ అంటుకోవడం దాదాపు 40 శాతం తక్కువగా ఉంది. అయితే కొలిచేది ఆ ప్రోటీన్‌నే తప్ప సినాప్సులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం కాదు. పైగా ఆ భాగం కుంచించుకుపోయినా సంకేతం తగ్గుతుంది కాబట్టి, ఎమ్మారైతో సరిచూడక తప్పదు.

మొదటిసారి వెళ్లినప్పుడు అమ్మకు స్కాన్ జరగనే లేదు. ట్రేసర్‌లోని రేడియోధార్మిక కార్బన్-11 ప్రతి 20 నిమిషాలకూ సగమైపోతుంది కనుక, దాన్ని అక్కడే తయారు చేసి, పరీక్షించి, వెంటనే ఎక్కించాలి. ఆ రోజు తయారైన మోతాదు నాణ్యత పరీక్షలో నెగ్గలేదు. అప్పటికే చేతికి సూది పెట్టించుకున్న మనిషికి, ఏమీ జరగకుండానే ఎందుకు వెళ్లిపోతున్నామో దారిలో నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి తల కదలకుండా గంటన్నర పడుకున్నారు. "నన్నెందుకు తీసుకొచ్చావు?" అని అడిగినప్పుడల్లా పాదం మీద చెయ్యి వేసి చెబితే ఊరుకునేవారు. మీరు ఒప్పుకునే ముందు ఈ శ్రమను కూడా లెక్కలోకి తీసుకోండి.

మాకు ఫలితంగా ఏ అంకే ఇవ్వలేదు, ఇవ్వబోమని ముందే చెప్పారు కూడా. ఇది ఇప్పటికీ ప్రధానంగా పరిశోధనకు పనికొచ్చే సాధనమే. మెదడు ముందు, పక్క భాగాలను దెబ్బతీసే ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా అనే వేరే జబ్బులోనూ సినాప్సులు తగ్గుతాయి కనుక, తగ్గుదల కనబడితే అల్జీమర్సే అని తేల్చలేరు. కారణం తెలియడమే మీకు ముఖ్యమైతే, వివరమైన జ్ఞాపకశక్తి పరీక్షలు, బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు, అవసరమైతే అమిలాయిడ్ పెట్ లేదా వెన్ను ద్రవ పరీక్ష గురించి న్యూరాలజిస్టును అడగడం మేలు.

ఒక జాగ్రత్త: మూర్ఛకు వాడే లెవెటిరాసెటమ్ కూడా ఎస్వీ2ఏకే అంటుకుంటుంది. నాన్నగారు ఆ మందు వాడుతుంటే పరిశోధకులకు ముందే చెప్పండి. స్కాన్ కోసమని మీ అంతట మీరు మాత్రం దాన్ని ఆపకండి.

పరిశోధనలో చేర్చాలనిపిస్తే, విషయం ఆయనకు అర్థమవుతున్న రోజుల్లోనే ఆయన్నే అడగండి. మా అమ్మ కాగితాలన్నీ నా చేత రెండుసార్లు చదివించుకుని, సంతకం తానే చేశారు.