బొంకవచ్చు అంటే బొంకడం ఒప్పనా?

సందేహం: శుక్రాచార్యుడు బలితో ‘బొంకవచ్చు నఘము పొందఁ డధిప’ అన్నాడు కదా. అంటే అలాంటప్పుడు అబద్ధం తప్పు కాదనేనా? తప్పు, పాపం, నేరం మూడూ ఒకటేనా?

సమాధానం: ఆ పాదంలో ‘ఒప్పు’ అన్న మాటే లేదు, చూడండి. పోతన వామన చరిత్రలోది ఈ పద్యం. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్లలో, ప్రాణానికో సొమ్ముకో పరువుకో ముప్పు వచ్చినప్పుడు, బెదిరిన గోవుల్నీ బ్రాహ్మణుల్నీ కాపాడేటప్పుడు బొంకవచ్చు అంటాడు శుక్రుడు. (పెళ్లి సంబంధాలు మాట్లాడేవాళ్లకు మొదటి పాదం ఒక్కటే గుర్తుంటుంది!) ఇక్కడి ‘వచ్చు’ అనుమతి, ‘లోపలికి రావచ్చు’లో ఉన్నట్టు. ‘వాన రావచ్చు’లోని ఊహ కాదు, ‘బొంకాలి’ అన్న విధి అసలే కాదు. ఆ అనుమతికి చూపిన కారణం అఘము పొందడని, అంటే పాపం అంటదని. ఆయన చూసుకున్నది ఫలితం.

తప్పు సంగతి వేరు. దారి తప్పాడు, గురి తప్పింది, మాట తప్పాడు అంటాం. ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరగడమే తప్పడం. పాపం అంటకపోయినా మాట తప్పిన మాట తప్పినట్టే.

బలి జవాబు ఇంకా గట్టిది. నరకం రానీ, చెర రానీ, రాజ్యం పోనీ, కులం నాశనం కానీ, ‘తిరుగన్నేరదు నాదు జిహ్వ’ అన్నాడు. ‘నేరదు’ అనేది ‘నేర్చు’కు వ్యతిరేక రూపం, చేతకాదని అర్థం. ‘నేరకపోయి నీతో చెప్పాను’ అని విసుక్కుంటామే, అందులో ఉన్నది ఆ ధాతువే. నాలుక తిప్పకూడదు అనలేదు బలి, తిరగడం దానికి చేతకాదన్నాడు. శుక్రుడు చెప్పే నష్టాలన్నీ ముందే ఒప్పేసుకున్నాడు కాబట్టి ఇక బేరానికి చోటే లేదు. నా మట్టుకు నాకు గురువు ‘వచ్చు’ కన్నా శిష్యుడి ‘నేరదు’ బరువైనది.

ఇక నేరం. ఇవాళ ఎక్కువగా చట్టం పరంగా వాడుతున్నాం. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. జైలుశిక్ష పోయింది గానీ, విడాకులు కోరడానికి ఆ కారణం ఇప్పటికీ చెల్లుతుంది. అందుకే అలాంటి తీర్పు గురించి రాసేటప్పుడు ‘నేరం కాదు’ అనే రాయండి. ‘తప్పు కాదు’ అని రాస్తే కోర్టు అనని మాట అన్నట్టవుతుంది.